అమ్మ నా టీషర్టులు తిరగేసి ఆరేస్తుంది

ఒంగోలు వెళ్ళినప్పుడల్లా ఇదే సీన్. బ్యాగులోంచి మాసిన బట్టలన్నీ లాగి అమ్మ ఉతికేస్తుంది, మిషన్ ఉందిగా అమ్మా అంటే వినదు, తీగ మీద ఆరేసేటప్పుడు మాత్రం నా మెటల్ బ్యాండ్ల నల్ల టీషర్టులన్నీ లోపలి వైపు బయటికి తిప్పి ఆరేస్తుంది. ఎండకి రంగు వెలవకుండా అనుకునేవాణ్ణి ఇన్నేళ్ళూ. కాదంట. మా గోడ పక్కనే పాస్టరమ్మగారి ఇల్లు, ఆమె మేడ మీదకి వడియాలు ఎత్తడానికొస్తే పుర్రె బొమ్మ కనపడుద్దని.

"అమ్మా, గొల్గొతా అంటే ఏంది? కపాలస్థలము. అంటే పుర్రె. మన బైబిల్లోనే ఉంది" అన్నా ఒకసారి.

"అది వేరు, ఇది వేరు. నోరు మూసుకుని ఇడ్లీ తిను."

ఇరవై ఏళ్ళ నుంచి నాకూ మా అమ్మకీ మధ్య ఉన్న వాదన మొత్తం ఇంతే. ఇక్కడ రాసేదంతా ఆ ఇడ్లీ తిన్నాక చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాటలు అనుకోండి.

నేను ఐదో తరం బాప్టిస్టుని. ఆదివారం తెల్లచొక్కా, బైబిలు, పాటల పుస్తకం, కానుక కవరు, అన్నీ ఉంటాయి. సోమవారం ఆఫీసుకి మెట్రోలో పోతా చెవుల్లో లివింగ్ శాక్రిఫైస్ అనే మెటల్ బ్యాండ్ పెట్టుకుంటా, మెటల్ అంటే ఉరిమే గిటార్లు, అరుపులు ఉండే రాక్ సంగీతం. చర్చిలో తెలిసినవాళ్ళు "పాపం, పిల్లోడు మంచోడే కానీ" అంటారు. మెటల్ వినే ఫ్రెండ్సేమో "మామా నువ్వు నిజంగా సండే చర్చికెళ్తావా, నోట్లో పాలు కారతన్నాయిరా నీకు" అని నవ్వుతారు. రెండు చోట్లా నేను సగం మనిషినే. అలవాటైపోయింది, కంప్లైంట్ ఏం కాదు.

మొదలు ఎక్కడంటే 2003, హైదరాబాద్, ఇంజనీరింగ్ హాస్టల్. రూమ్మేట్ కంప్యూటర్లో న్యూ ఫోల్డర్ లోపల న్యూ ఫోల్డర్ లోపల ఇంకో న్యూ ఫోల్డర్, వేరే ఏదో ఉంటుందని ఓపెన్ చేస్తే మెటాలికా, స్లేయర్, ఐరన్ మెయిడెన్, అన్నీ మెటల్ బ్యాండ్లే. అప్పటిదాకా నాకు సంగీతం అంటే క్వయర్ ప్రాక్టీసు, రేడియోలో సినిమా పాటలు, అంతే. ఆ రాత్రి డబుల్ బాస్ డ్రమ్ము, అంటే రెండు కాళ్ళతో దడదడా కొట్టేది, మొదటిసారి విన్నప్పుడు కొత్తగా అనిపించలేదు, ఎక్కడో విన్నట్టే అనిపించింది. ఎక్కడ అనేది చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు, దాని సంగతి తర్వాత చెప్తా.

2005లో యూత్ రిట్రీట్. బయటి నుంచి వచ్చిన ఒక స్పీకర్ ప్రొజెక్టర్ పెట్టి రాక్ పాటలు చివర్నుంచి మొదటికి తిరగేసి వినిపించాడు, ఇదిగో ఇక్కడ సాతాను పేరు, ఇదిగో ఇక్కడ, అని. ఆ బ్యాండ్ పేరుకి ఫుల్ ఫామ్ ఇది, ఈ బ్యాండ్ పేరుకి ఫుల్ ఫామ్ అది. సాయంత్రం మంట వేశారు, ఎవరి దగ్గర ఏమున్నా తెచ్చి వెయ్యమన్నారు. నేను పదకొండు సీడీలు వేశా. అందులో మూడు నావి కూడా కాదు, రూమ్మేట్‌వి. సీడీ కాలితే వచ్చే వాసన ఇప్పటికీ గుర్తుంది, ప్లాస్టిక్కు కమురు కంపు. ఏడ్చా కూడా, నిజంగానే ఏడ్చా, ఇప్పుడు దాన్ని ఎగతాళి చెయ్యలేను. ఇరవై ఏళ్ళ వయసులో దేవుడి కోసం ఏదో ఒకటి వదిలెయ్యాలని ఉంటుంది, వదలడానికి నా దగ్గర ఉన్నది అదే.

చాలా తర్వాత తెలిసింది ఈ తిరగేసే పంచాయితీ అమెరికాలో కోర్టు దాకా పోయిందని. పాటలో దాచిపెట్టిన మాటల వల్ల ఇద్దరు కుర్రాళ్ళు తుపాకీతో కాల్చుకున్నారని జూడాస్ ప్రీస్ట్ అనే మెటల్ బ్యాండ్ మీద కేసు, 1990లో రీనోలో విచారణ, జడ్జి కేసు కొట్టేశాడు. అసలు ఆ పాట వాళ్ళు రాసింది కూడా కాదు, వేరే బ్యాండ్ పాట. తిరగేసి వింటే ఏదైనా ఏదోలా వినపడుద్ది, మన కానుకల పాట తిరగేసి విన్నా ఎవరో ఒకరి పేరు దొరుకుద్ది.

సరే, సీడీలు కాల్చిన మూడు నెలలకి అమీర్‌పేటలో నెట్ సెంటర్‌లో కూర్చుని, గంటకి పది రూపాయలు, పరీక్ష హాల్‌టికెట్ ప్రింట్ తీసుకోడానికెళ్ళి మిగిలిన ఇరవై నిమిషాల్లో 'క్రిస్టియన్ మెటల్' అని కొట్టా. జోక్‌గానే కొట్టా. అంటే దేవుడు ఉన్న మెటల్ అనేది ఉంటుందని నాకు ఊహ కూడా లేదు.

మొదట దొరికింది స్ట్రైపర్. కాలిఫోర్నియా వాళ్ళు, తేనెటీగల్లాగా పసుపు నలుపు చారల బట్టలు, స్టేజి మీద నుంచి జనాల్లోకి కొత్త నిబంధన పుస్తకాలు విసిరేవాళ్ళు. 1986లో వచ్చిన వాళ్ళ ఆల్బమ్ ఒకటి ప్లాటినం అయింది, అంటే పది లక్షల కాపీలు. ఆ చారలు ఎందుకంటే యెషయా 53:5, ఇంగ్లీషు బైబిల్లో ఆ మాట కొరడా చారలు అనే అర్థంలో ఉంటుంది, మన తెలుగులో "అతడు పొందిన దెబ్బలచేత" అని ఉంది కాబట్టి మనకి ఆ పసుపు ప్యాంట్ల వెనక థియాలజీ అర్థమయ్యే ఛాన్సే లేదు. వాళ్ళని అక్కడి టీవీ ప్రసంగీకుడు జిమ్మీ స్వాగర్ట్ లాంటోళ్ళు ఏకి పారేశారు, మెటల్ వాళ్ళేమో పట్టించుకోలేదు. నా సంగతి నిజం చెప్పాలంటే స్ట్రైపర్ నాకు మరీ తియ్యగా అనిపించింది. జుట్టు ఎక్కువ, కోపం తక్కువ.

తర్వాత ఒక్కొక్కటీ. షికాగో నుంచి ట్రబుల్, 1984లోనే మొదటి ఆల్బమ్, బరువుగా ఈడ్చుకుంటూ నడిచే గిటారు, మధ్యలో కీర్తనలు. మెల్‌బోర్న్ నుంచి మార్టిఫికేషన్. అదే ఆస్ట్రేలియా నుంచి హోర్డ్, ఇది వింటే నవ్వొస్తుంది, నార్వేలో బ్లాక్ మెటల్ వాళ్ళు దేవుణ్ణి తిడుతుంటే జేసన్ షెర్లాక్ అనే డ్రమ్మర్ ఒక్కడే కూర్చుని, పేరు బయటపెట్టకుండా, అచ్చం అదే సౌండ్‌తో, అదే అరుపుతో సాతానుని తిడతా 1994లో ఒక ఆల్బమ్ చేశాడు. బ్లాక్ మెటల్ వాళ్ళకి ఒళ్ళు మండి కంపెనీకి బెదిరింపులు పంపించారు. అంటే దైవదూషణే వాళ్ళ మతం, దాన్ని వీడు దూషించాడు!

లివింగ్ శాక్రిఫైస్ మాత్రం నాకు వేరే. ఆర్కాన్సాలో లిటిల్ రాక్ అనే ఊరు, 1989లో మొదలుపెట్టారు, పేరు రోమా 12:1 నుంచి, "సజీవ యాగముగా మీ శరీరములను" అని మనం చిన్నప్పుడు కంఠతా పెట్టిన వచనం. 1997లో వచ్చిన ఆల్బమ్ నేను కాల్చిన పదకొండు సీడీలకీ బదులు తీర్చేసింది. ఆ తర్వాత జావో, వెస్ట్ వర్జీనియా వాళ్ళు, 1998 ఆల్బమ్. ఆ గొంతు వింటే ఎవర్నో బెదిరిస్తున్నట్టు ఉండదు, ఆ మనిషినే లోపల్నుంచి ఎవరో పీకుతున్నట్టు ఉంటుంది. ఆ రోజుల్లో ఇలాంటి బ్యాండ్లన్నీ సియాటిల్‌లో ఉన్న ఒకే కంపెనీ నుంచి వచ్చేవి, టూత్ అండ్ నెయిల్, దాని పిల్ల కంపెనీ సాలిడ్ స్టేట్. డబ్బులు పెట్టి కొనే దారి నాకు లేదు, ఎలా సంపాదించానో అడగొద్దు, ఎనిమిదో ఆజ్ఞ విషయంలో నా రికార్డు బాలేదు. ఉద్యోగం వచ్చాక కొన్ని కొన్నా, కొంచెం మనశ్శాంతి.

మెటల్ నుంచి హార్డ్‌కోర్‌కి, అంటే పంక్ రాక్‌లో ఇంకా వేగం, ఇంకా కోపం ఉన్న రకానికి, ఎలా వచ్చానంటే మా నాయనమ్మ వల్ల. నవ్వకండి. హార్డ్‌కోర్ పంక్‌లో స్ట్రెయిట్ ఎడ్జ్ అని ఒకటుంది, తాగరు, సిగరెట్ కాల్చరు, డ్రగ్స్ ముట్టుకోరు. వాషింగ్టన్‌లో టీన్ ఐడిల్స్ అనే కుర్ర బ్యాండ్ 1980లో కాలిఫోర్నియా వెళ్తే క్లబ్బు వాళ్ళు, వీళ్ళు మైనర్లు, వీళ్ళకి మందు పొయ్యకండి అని గుర్తుకి చేతుల మీద నల్లగా ఇంటూ మార్కులు వేశారంట, అవమానంగా ఫీలవ్వాల్సింది పోయి వాళ్ళు దాన్నే జెండా చేసుకున్నారు. మరుసటి ఏడాది అదే గుంపులోంచి వచ్చిన మైనర్ థ్రెట్ అనే బ్యాండ్ పాటతో దానికి పేరు కూడా వచ్చింది. చదివినప్పుడు నాకు అనిపించింది, ఓరి నీ, ఇది మా నాయనమ్మ కదా. సారా ముట్టలేదు, చుట్ట కాల్చలేదు, పెళ్ళి విందులో కూడా మందు వాసనొస్తే లేచి వచ్చేసేది, మా తాతని వాళ్ళ అన్నదమ్ములు రమ్మన్నప్పుడు వాకిట్లో అడ్డంగా మంచం వేసుకుని కూర్చునేది. చేతి మీద ఇంటూ మార్కు ఒక్కటే తక్కువ, పచ్చబొట్టు ఉండేది దాని బదులు.

పైగా హార్డ్‌కోర్‌లో భక్తి కొత్తేం కాదు. బ్యాడ్ బ్రెయిన్స్ అనే బ్యాండ్ వాళ్ళు రస్తఫారీలు, అంటే జమైకాలో పుట్టిన ఒక మతం వాళ్ళు, జా అని దేవుణ్ణి పిలుస్తారు. రే కాపో అనే అతను యూత్ ఆఫ్ టుడే అనే బ్యాండ్ వదిలేసి హరేకృష్ణ భక్తుడై షెల్టర్ అని ఇంకో బ్యాండ్ పెట్టాడు, దాన్నే కృష్ణకోర్ అంటారు. మన దేశం పేరు అక్కడి పంక్ కుర్రాళ్ళ నోట్లో పడింది అలాగే. ఆస్టిన్‌లో వన్ బ్యాడ్ పిగ్ అని క్రిస్టియన్ పంక్ బ్యాండ్ ఉండేది, అమెరికాలో పెద్ద కంట్రీ గాయకుడు జానీ క్యాష్ పాట వాళ్ళు మళ్ళీ పాడితే స్వయంగా జానీ క్యాషే వచ్చి గొంతు కలిపాడు. నాకు హార్డ్‌కోర్‌లో నచ్చేది, అక్కడ పాడేవాడికీ వినేవాడికీ మధ్య ఎత్తైన స్టేజి ఉండదు, మైకు ముందు వరసలోకి దూరుద్ది, ఎవడైనా అందుకుని అరవొచ్చు. మా చిన్నప్పుడు ఊళ్ళో చర్చిలో సాక్ష్యం చెప్పే టైమ్, అంటే దేవుడు తనకేం చేశాడో ఎవరైనా లేచి చెప్పే టైమ్, అది కూడా అంతే ఉండేది. ఇప్పుడు చర్చిలో స్టేజీకి ఎల్‌ఈడీ స్క్రీన్, పొగ మిషన్, పాడే అన్నకి చెవిలో మానిటరు. మెటల్ కాన్సర్ట్ ఎవరిదిరా అయ్యా అసలు?

చర్చిలో యూత్ అడిగే ప్రశ్న ఒకటే, "అన్నా, అసలు వాళ్ళు ఏమంటున్నారో అర్థం కాదు కదా, అది ఆరాధన ఎట్టవుద్ది?" నేను చెప్పే జవాబు, ఉపవాస ప్రార్థనలో ఆత్మావేశంతో అన్యభాషలు, అంటే ఎవరికీ తెలియని భాషలు, మాట్లాడేవాళ్ళ పక్కన కూర్చుంటావు కదా, వాళ్ళు ఏమంటున్నారో నీకు అర్థమవుద్దా? దానికి ఎవరూ నవ్వరు. ఆ జోక్ మానెయ్యాలి.

అన్నీ వింటానా అంటే, వినను. నార్వేలో 1992లో ఫాంటాఫ్ట్ చర్చి తగలబెట్టారు, మొత్తం చెక్కతో కట్టిన వందల ఏళ్ళ నాటి చర్చి. ఆ బూడిద ఫోటోనే బర్జమ్ అనే బ్లాక్ మెటల్ బ్యాండ్ తన రికార్డు అట్ట మీద వేసుకుంది. మెటల్ ఫ్రెండ్స్ దాన్ని చరిత్ర అంటారు, కొందరు ఆ బొమ్మ టీషర్టు వేసుకుని తిరుగుతారు, మ్యూజిక్ వేరు మనిషి వేరు అంటారు. నాకు 2008 ఆగస్టు గుర్తొస్తుంది. ఒడిశాలో కంధమాల్‌లో చర్చిలు కాలినప్పుడు, అడవుల్లోకి పారిపోయిన వాళ్ళ గురించి మా చర్చిలో వారాల తరబడి ప్రార్థన చేశాం, బియ్యం పోగేశాం. కాలిన చర్చి ఫోటో నాకు ఆల్బమ్ కవర్ కాదు. ఎంత గొప్ప గిటారు రిఫ్ అయినా సరే. ఇక్కడ మాత్రం నేను మా అమ్మ కొడుకునే.

అట్లాగని క్రిస్టియన్ అని స్టిక్కర్ ఉంటే చాలనుకున్న రోజులు కూడా పోయాయి. యాజ్ ఐ లే డయింగ్ అనే క్రిస్టియన్ మెటల్ బ్యాండ్ అంటే మా బ్యాచ్‌కి ప్రాణం. ఆ పాడే టిమ్ లాంబెసిస్, భార్యని చంపించడానికి మనిషిని మాట్లాడుకోబోయి 2013లో దొరికిపోయాడు, ఆ మనిషి మారువేషంలో ఉన్న పోలీసు. నేరం ఒప్పుకున్నాడు, 2014లో ఆరేళ్ళ శిక్ష. ఆ తర్వాత ఇంటర్వ్యూలో చెప్పాడు, ఎప్పుడో నమ్మకం పోయింది, క్రిస్టియన్ బ్యాండ్ అని చెప్పుకుంటే అమ్ముడుపోతుంది కాబట్టి అలా నడిపించాం అని. ఆ రోజు నేను ఆఫీసులో ఏం పని చేశానో గుర్తులేదు. తర్వాత అనిపించింది, ఇందులో ఆశ్చర్యపడాల్సింది ఏముంది, మన దగ్గర మైకు పట్టుకున్న ప్రతివాడి మాట నమ్మి దశమభాగం ఇస్తున్నాం కదా. అండర్ఓత్ అనే బ్యాండ్ వాళ్ళయితే నయం, 2006లో వాళ్ళ ఆల్బమ్ అమెరికా బిల్‌బోర్డ్ లిస్టులో రెండో స్థానం దాకా పోయింది, అంత మార్కెట్ ఉన్నా తర్వాత్తర్వాత మాది ఇక క్రిస్టియన్ బ్యాండ్ కాదు అని పబ్లిక్‌గా చెప్పేశారు. బాధేసింది, కానీ గౌరవం పోలేదు. నమ్మని పాట పాడకుండా ఉండటం కూడా ఒక నిజాయితీయే కదా.

అవతల పక్క చూస్తే మెటల్‌లో అనుకోని చోట్ల మనవాళ్ళు. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ ఆడింది, మన దేశంలో వాళ్ళ మొదటి షో, ఇంట్లో ఇంటర్వ్యూ అని చెప్పి జనరల్ బోగీలో పోయా. ప్రభువు ప్రార్థనలోంచి "నీ నామము పరిశుద్ధపరచబడు గాక" అనే మాట తీసుకుని పేరు పెట్టిన పాట ఉంది వాళ్ళది, ఉరికంబం ఎక్కబోయేవాడి ఆఖరి గంట గురించి. వాళ్ళకి డ్రమ్ములు కొట్టిన నికో మెక్‌బ్రెయిన్ 1999లో క్రీస్తుని నమ్ముకున్నాడు, 2024 డిసెంబర్‌లో టూర్లు మానేసేదాకా అదే బ్యాండ్‌లో కొట్టాడు. అమ్మకి ఈ సంగతి చెప్తే "మరి ఆ దెయ్యం బొమ్మ ఎందుకు పెట్టుకున్నారు" అంది. ఎడ్డీ అనే వాళ్ళ బ్యాండ్ బొమ్మ గురించి. జవాబు లేదు నా దగ్గర. ఇంటర్వ్యూ అబద్ధం మాత్రం అదే రోజు ఒప్పుకున్నా, పదహారేళ్ళ తర్వాత.

హైదరాబాద్‌లో కూడా మెటల్ ఉంది, చాలామందికి తెలీదు. ఇక్కడి డెత్ మెటల్ బ్యాండ్‌లలో బాగా పేరొచ్చింది గాడ్‌లెస్, అంటే దేవుడు లేనివాళ్ళు, 2016లో మొదటి ఈపీ, అంటే చిన్న ఆల్బమ్. ఆ పేరున్న బ్యాండ్ షోకి ప్రార్థన చేసుకుని వెళ్ళింది నేనొక్కణ్ణే అనుకున్నా, అక్కడ ఒక మిజో కుర్రాడు పరిచయమయ్యాడు, మెడలో సిలువ. వాళ్ళ మిజోరం రాజధాని ఐజోల్‌లో థర్డ్ సావరిన్ అని డెత్ మెటల్ బ్యాండ్ ఉంది, ఊరంతా చర్చికి పోతుంది, అయినా ఊళ్ళో మెటల్ వింటారు. "మీ దగ్గర ఎవరూ అడగరా?" అన్నా. ఏం అడుగుతారు అన్నట్టు చూశాడు.

పోయిన ఏడాది, 2025 జులైలో బ్లాక్ సబ్బాత్ అనే మెటల్ బ్యాండ్ గాయకుడు ఆజీ ఆస్బర్న్ పోయినప్పుడు పొద్దున్నే అమ్మ ఫోన్. "నీ పాటలాయన పోయాడంటగా, టీవీలో వేశారు." నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు, నా గదిలో పోస్టర్ చింపేసిన మనిషి నన్ను పరామర్శిస్తోంది. ఆయన మెడలో సిలువ ఉంటుందిగా అంది. ఉంటుందమ్మా, మొదట్లో వాళ్ళ నాన్నే చేసిచ్చాడు, బ్యాండ్‌లో నలుగురికీ, అన్నా. ఆ బ్యాండ్‌కి పాటలు రాసే గీజర్ బట్లర్ క్యాథలిక్ ఇంట్లో పుట్టాడని, 1971లోనే దేవుణ్ణి నమ్మడానికి భయమెందుకు అని అడిగే పాట రాశాడని కూడా చెప్పా, చెప్పే ఛాన్స్ మళ్ళీ రాదని గబగబా. అంతా విని "రక్షణ పొందాడా?" అంది. తెలీదమ్మా. కాసేపు ఆగి, "సరే, ఆయన భార్యాపిల్లల కోసం ప్రార్థన చేస్తాలే" అని పెట్టేసింది.

ఇప్పుడు డ్రమ్ము సంగతి.

1876లో మొదలై రెండేళ్ళు ఘోరమైన కరువు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని జనాలకి పని చూపించాడు, తిండి కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని కరువు ఉన్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం. మా తాత వాళ్ళ తాత ఆ రోజుల్లో బాప్తిస్మంలో మునిగినవాళ్ళలో ఒకడని మా ఇంట్లో చెప్పుకుంటారు. మేం మాదిగలం. మా వాళ్ళ చేతిలో ఉన్నది డప్పు. జాతరకి డప్పు, చావుకి డప్పు, దండోరాకి డప్పు, పిలిస్తే పోవాలి, పోకపోతే తన్నులు. కొత్తగా నమ్మినవాళ్ళకి జాతర డప్పు అంటే విగ్రహారాధన, పైగా వెట్టి. వదిలేశారు. వదిలినందుకు ఊరి పెద్దలతో పడిన దెబ్బలు వేరే కథ. అది తిరుగుబాటు, నేను దాన్ని ఒక్క మాట అనను. ఇప్పుడు నేను టీషర్టు వేసుకుని చేసే తిరుగుబాటు దాని కాలిగోటికి సరిపోదు.

కానీ మా తాత చేతులు వదల్లేదు. ఎప్పుడూ డప్పు పట్టుకోని మనిషి, చర్చి పెద్ద, వీధిలో శవం పోతుంటే అరుగు మీద కూర్చుని మోకాలి మీద వేళ్ళతో దరువు వేసేవాడు, కుడిచెయ్యి చిర్రలాగా, ఎడమచెయ్యి చిటికెన పుల్లలాగా. మంట మీద డప్పు కాచే వాసన వస్తే ముక్కు ఎగబీల్చేవాడు. నేను చూస్తున్నానని చూస్తే చెయ్యి ఆపేసి పంచె సర్దుకునేవాడు. హాస్టల్లో డబుల్ బాస్ విన్నప్పుడు ఎక్కడో విన్నానే అనుకున్నది ఇదే. తాత మోకాలు.

2019లో నాన్న పోయాడు. మా చర్చి మంచిది, అందరూ వచ్చారు, వంటలు వండారు, రాత్రంతా కూర్చున్నారు. సమాధి కార్యక్రమంలో అన్నీ నిరీక్షణ పాటలే, పునరుత్థానం, పరలోకం, మళ్ళీ కలుసుకుంటాం. నిరీక్షణ లేని ఇతరులవలె దుఃఖపడొద్దు అని వాక్యం చదివారు. ఎవరో వెనక నుంచి నా భుజం తట్టి ఏడవకు బ్రదర్, ప్రభువు దగ్గరున్నాడు అన్నారు. నేను ఏడవట్లేదు అప్పటికి. ఆ మాటతో ఇక ఏడవడానికి లైసెన్స్ పోయినట్టైంది. అదే వారం పక్కవీధిలో ఇంకెవరో పోతే డప్పులొచ్చాయి, ముందు నెమ్మదిగా, తర్వాత దరువు మారి ఒక్కసారిగా ఉరుముతా, వాళ్ళ ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటా ఏడుస్తున్నారు. కిటికీలోంచి చూస్తా నాకు అసూయ వేసింది. చావు ఇంటి మీద అసూయ.

హైదరాబాద్ తిరిగొచ్చాక ఒక రాత్రి ఔటర్ రింగ్ రోడ్ పక్కన సర్వీస్ రోడ్డులో బైకు ఆపి జావో పెట్టుకున్నా, 1998 ఆల్బమ్, మొదటి నుంచి చివరిదాకా. ఆ బ్యాండ్‌లో బ్రేక్‌డౌన్ వస్తుంది చూడండి, అంటే పరిగెత్తే పాట ఉన్నట్టుండి కాళ్ళు విరిగినట్టు నెమ్మదిస్తుంది, ఒక్కో దెబ్బ మధ్య ఊపిరి పీల్చుకునేంత ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో నాకు ఏడుపొచ్చింది. హెల్మెట్ తియ్యకుండానే అరిచా. లారీలు పోతున్నాయి, ఎవరికీ వినపడదు. ఏమని అరిచానంటే మాటలు కూడా కాదు. కానీ ఎవరి వైపు అరుస్తున్నానో మాత్రం తెలుసు.

ఇంటికొచ్చి 88వ కీర్తన తీశా. దావీదువి, ఆసాపువి, ఏడుపు కీర్తనలు దాదాపు అన్నిటికీ చివర్లో ఒక మలుపు ఉంటుంది, అయినా నేను నిన్ను స్తుతించెదను అని. 88లో లేదు. హేమాను అనే ఆయన అడిగి అడిగి, అరిచి అరిచి, చివరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆపేశాడు. అంతే, అయిపోయింది, ఆమేన్ లేదు. ఇన్నేళ్ళలో ఆ కీర్తన మీద నేను ఒక్క ప్రసంగం వినలేదు. ఇది బైబిల్లో పెట్టినవాళ్ళకి ధైర్యం ఎక్కువ. నా టీషర్టుల మీద రాసుండే మాటలన్నీ దీని ముందు పిల్లల రైమ్స్.

మొన్న శుభ శుక్రవారం ఒంగోల్లో ఉన్నా. మా చర్చిలో సిలువ మీది ఏడు మాటలకి ఏడుగురు మాట్లాడతారు, పన్నెండు నుంచి మూడు దాకా, ఫ్యాన్లు తిరుగుతున్నా చొక్కాలు తడిసిపోతాయి. నాలుగో మాట చెప్పాల్సిన అన్న జ్వరంతో రాలేదు, పాస్టర్‌గారు గురువారం రాత్రి గోడ మీంచి పిలిచి "బాబూ, నువ్వు చెప్తావా" అన్నారు. నాలుగో మాట ఏదో మీకు తెలుసు. ఏలీ, ఏలీ, లామా సబక్తానీ, నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి అని. రాత్రంతా ప్రసంగం రాసుకుంటా ఒకే చోట ఆగిపోయా, "బిగ్గరగా కేకవేసెను" అని ఉంది అక్కడ. చిన్నప్పట్నుంచి ఈ మాట చదివిన ప్రతి ఒక్కరూ మెల్లగా, గొంతు వణికిస్తా, పాలుకోవాలాగా చదివారు. బిగ్గరగా అని రాసుంటే.

తెల్లచొక్కా వేసుకుని ఎక్కా. వచనం చదివా. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి కేక వేశా. మెటల్ వాళ్ళలాగా గర్జించే గ్రోల్ ఏం చెయ్యలేదు, ఒట్టు, మామూలు మనిషి కేకే, కానీ కడుపులోంచి. మైకు కుయ్యిమని అరిచింది, సౌండ్ చూసే పిల్లోడు పరిగెత్తాడు, ముందు వరసలో ఎవరి పాపో ఏడుపు అందుకుంది. పాస్టర్‌గారు కళ్ళు మూసుకునే ఉన్నారు. కాసేపు ఎవరూ ఏం అనలేదు. తర్వాత వెనక చాపల మీద కూర్చున్న ముసలమ్మ ఎవరో, "స్తోత్రం నాయనా" అంది, సన్నగా, ఏడుస్తా. నేను రాసుకున్న ప్రసంగంలో సగం వదిలేసి దిగిపోయా.

ఇంటికొచ్చాక అమ్మ ఆ కేక గురించి ఏం మాట్లాడలేదు. గోరువెచ్చని నీళ్ళలో ఉప్పేసి గ్లాసు చేతికిచ్చి, "పుక్కిలించు, గొంతు పోయుంటది" అంది.